కాలువ కట్టేసినా ఎండని చేను

పోయిన నెల నా దగ్గర ఇంటర్ చదివిన అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. ఇప్పుడు 29 ఏళ్ళు, పెళ్ళయి రెండున్నరేళ్ళు. "మేడమ్, ఎడమ ఓవరీలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉందంట, ఎండోమెట్రియోసిస్ అన్నారు, డైనోజెస్ట్ అని మాత్ర రాశారు, అయిదు నెలల నుంచీ వాడుతున్నా, నొప్పి బాగా తగ్గింది గానీ ఇంకా ఏ విశేషమూ లేదు, అత్తయ్యగారు నెలనెలా అడుగుతున్నారు" అంది. ఆ మాత్ర మొదలుపెట్టాక పీరియడ్ సరిగ్గా రావట్లేదట, రాని ప్రతిసారీ మెడికల్ షాపు నుంచి కిట్ తెప్పించుకుని పొద్దున్నే బాత్రూంలో టెస్ట్ చేసుకుని, ఒక్క గీతే కనబడితే దాన్ని పేపర్లో చుట్టి ఎవరికీ కనబడకుండా పారేసేదట. నాకు కాసేపు నోట మాట రాలేదు. డైనోజెస్ట్ వాడినన్నాళ్ళూ చాలామందిలో అసలు అండమే విడుదల కాదు. ఆ సంగతి అయిదు నెలల్లో ఆమెకి ఒక్కరూ చెప్పలేదు.

రాసిన డాక్టర్‌ది తప్పని నేను అనట్లేదు. ఈమె నొప్పి అని వెళ్ళింది, పక్కన వాళ్ళమ్మ కూర్చుంది, నొప్పికి మంచి మందే రాశారు, పిల్లల మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు, అంతే. కానీ ఈ జబ్బులో ఆ ఒక్క మాట ఎత్తకపోతే వైద్యం పూర్తిగా వేరే దారి పట్టిపోతుంది. ఎందుకలా అంటే ఈ జబ్బు మచ్చల లోపల ఏం నడుస్తోందో చూడాలి, అదొక అద్భుతమైన యంత్రాంగం, ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది.

మొదటి సంగతులు గబగబా చెప్పేస్తా. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట, అంటే ఓవరీల మీద, ట్యూబుల దగ్గర, పేగుల మీద, మూత్రాశయం మీద, ఒక్కోసారి సిజేరియన్ కుట్టులో కూడా పెరగడమే ఎండోమెట్రియోసిస్. అలా అంటుకుని పెరిగిన చోట్లనే మచ్చలు అంటున్నా. 1920ల్లో అమెరికాలో జాన్ శాంప్సన్ అనే డాక్టర్, నెలసరి రక్తం కొంత ట్యూబుల గుండా వెనక్కి పొట్టలోకి పోయి అక్కడ అంటుకుంటోంది అన్నాడు. అలా వెనక్కి పోవడం దాదాపు 90 శాతం మంది ఆడవాళ్ళలో ఉంటుందని తర్వాత తేలింది, జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే, ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిగతా తొమ్మిదిమందికీ పొట్టలోని రోగనిరోధక కణాలు ఊడ్చిపారేస్తాయి. ఈ ఒక్కరికి మాత్రం ఎందుకు అంటుకుంటుంది, అంటుకున్నది ఎలా బతుకుతుంది, అసలు ప్రశ్న అదీ.

మాది గోదావరి డెల్టా. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, అంటే లాకుల దగ్గర నీళ్ళు ఆపేస్తారు. అప్పుడు చేలన్నీ బీటలు తీస్తాయి, సొంత బోరు ఉన్నాయన చేను ఒక్కటే పచ్చగా ఉంటుంది. ఎండోమెట్రియోసిస్ మచ్చ అచ్చం ఆ బోరున్న చేనే. ఓవరీ కాలువ, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ నీళ్ళు, మెదడు కింద పిట్యూటరీ గ్రంథి లాకులెత్తే ఆఫీసు. మామూలు గర్భసంచి పొర పూర్తిగా కాలువ మీదే ఆధారపడిన చేను, ఓవరీ పంపితే పెరుగుతుంది, ఆపితే రాలిపోతుంది, దానికి సొంతంగా ఈస్ట్రోజెన్ చేసుకునే దారి లేదు. ఈ మచ్చలకి ఉంది. 1990ల్లో సెర్దార్ బులున్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఈ మచ్చల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తోందని చూపించారు. ఈస్ట్రోజెన్ తయారీలో చివరి మెట్టు అదే, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోజెన్లనే హార్మోన్లని పట్టుకుని అక్కడికక్కడే ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. అదే బోరు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, కొంచెం గట్టి సంగతి ఉంది. అరోమటేజ్ జన్యువుని ఆన్ చేసేది ఎస్ఎఫ్-1 అనే ప్రోటీన్. మామూలు గర్భసంచి పొరలో ఎస్ఎఫ్-1 జన్యువు మీద మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన తునకలు అతుక్కుని దానికి తాళం వేసేస్తాయి, మచ్చల్లో ఆ తాళం ఊడి ఉంటుంది. ఎస్ఎఫ్-1 అరోమటేజ్ జన్యువు దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. కూర్చుంటే చాలదు, స్విచ్చి వెయ్యాలి, ఆ స్విచ్చి ప్రోస్టాగ్లాండిన్ ఈ2. నొప్పీ, వాపూ తెచ్చే రసాయనం కూడా ఇదే. దీన్ని తయారుచేసేది కాక్స్-2 అనే ఎంజైమ్. మరి కాక్స్-2 ని ఎవరు పెంచుతారు? ఈస్ట్రోజెనే! అంటే ప్రోస్టాగ్లాండిన్ వల్ల అరోమటేజ్, అరోమటేజ్ వల్ల ఈస్ట్రోజెన్, ఈస్ట్రోజెన్ వల్ల కాక్స్-2, దానివల్ల మళ్ళీ ప్రోస్టాగ్లాండిన్. బోరు తోడిన నీళ్ళతోనే కరెంటు పుట్టి ఆ కరెంటుతో మళ్ళీ బోరు తిరుగుతున్నట్టు. క్లాసులో బోర్డు మీద ఈ నాలుగు బాణాలూ గుండ్రంగా వేసినప్పుడు ఏటా ఎవరో ఒక పిల్ల "మరి ఇది ఎక్కడ ఆగుతుంది మేడమ్" అని అడుగుతుంది. తనంతట తాను ఆగదు, అదే దీనితో వచ్చిన చిక్కు.

ఇంకోటి కూడా ఉంది. చేనుకి నీళ్ళు రావడం ఒక్కటే కాదుగా, ఎక్కువైనవి పోవడానికి మురుగు కాలువ కూడా ఉండాలి. మామూలు పొరలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ వచ్చాక ఒక ఎంజైమ్ తయారై గట్టి ఈస్ట్రోజెన్ అయిన ఎస్ట్రాడయోల్‌ని బలహీనమైన ఎస్ట్రోన్‌గా మారుస్తుంది. మచ్చల్లో ప్రొజెస్టెరాన్ మాట వినే రిసెప్టర్లే తక్కువ, కాబట్టి ఆ ఎంజైమూ సరిగ్గా తయారవ్వదు. కాలువ ఉంది, బోరు ఉంది, మురుగు కాలువ పూడిపోయింది.

ఇప్పుడు మందులు చూడండి, ఒక్కొక్కటీ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసిపోతుంది. మనవాళ్ళ హ్యాండ్‌బ్యాగుల్లో ఉండే మెఫ్తాల్ కాక్స్ ఎంజైముల్ని ఆపుతుంది, అంటే స్విచ్చి దగ్గర చెయ్యి పెడుతుంది. అప్పటికే తయారైపోయిన ప్రోస్టాగ్లాండిన్‌ని అది చెరపలేదు, అందుకే నొప్పి నెత్తికెక్కాక వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు, మొదలవుతూండగానే వేసుకోవాలి. (ఇది వాడాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే డాక్టర్‌కి చూపించండి, 2023 చివర్లో భారత ఫార్మకోపియా కమిషన్ మెఫ్తాల్‌లో ఉండే మెఫెనామిక్ యాసిడ్ మీద ఒక అలర్ట్ ఇచ్చింది, అరుదే గానీ తెలిసి ఉండాలి.) డైనోజెస్ట్, గర్భనిరోధక మాత్రలు, ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్లు ఇవన్నీ లాకులు దించేసేవి, ఓవరీ నుంచి వచ్చే నీళ్ళు తగ్గుతాయి, నెలసరి తగ్గుతుంది, మచ్చలు మందగిస్తాయి, నొప్పి తగ్గుతుంది.

కానీ అదే కాలువ మీద వరి కూడా బతుకుతోంది! అండం పెరగాలన్నా విడుదలవ్వాలన్నా అవే లాకులు ఎత్తాలి, గర్భసంచి పొర సిద్ధమవ్వాలన్నా ఆ నీళ్ళే కావాలి. కలుపు ఎండాలని కాలువ కట్టేస్తే వరీ ఎండుతుంది. అందుకే నొప్పికిచ్చే ఈ హార్మోన్ మందూ, పిల్లల ప్రయత్నమూ ఒకేసారి నడవవు. కొన్నాళ్ళు హార్మోన్ మందు వాడి ఆపేస్తే గర్భం తొందరగా వస్తుందనే మాట కూడా చాలాచోట్ల వింటాం, 2022లో యూరప్ సంతాన వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు, గర్భం అవకాశం పెంచడానికని అలాంటి మందులు రాయొద్దని చెప్తున్నాయి. వాడినన్నాళ్ళూ కాలం గడిచిపోవడమే.

లెట్రోజోల్ అని ఒక మందు ఉంది, నాకు భలే ఇష్టమైన ఉదాహరణ. అది నేరుగా బోరునే, అంటే అరోమటేజ్‌నే ఆపుతుంది. మొండి నొప్పులకి కొందరు డాక్టర్లు వాడతారు. కానీ ఓవరీలో ఈస్ట్రోజెన్ చేసేదీ అరోమటేజే కాబట్టి నీళ్ళు బాగా తగ్గిపోతాయి, ఆఫీసువాళ్ళు "అయ్యో చేలు ఎండుతున్నాయి" అనుకుని లాకులన్నీ ఎత్తేస్తారు, అంటే పిట్యూటరీ ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పెంచేస్తుంది, అండాలు పెరుగుతాయి. అందుకే నొప్పికి ఇచ్చేటప్పుడు పక్కనే లాకులు దించే మాత్ర కూడా ఇస్తారు, పిల్లల కోసమైతే అయిదు రోజులు విడిగా ఇచ్చి అండం పెరగనిస్తారు. ఒకే మాత్ర రెండు రకాలుగా ఎలా పనిచేస్తుందో చూశారుగా. చీటీ మీద మందు పేరొక్కటే చూసి అది దేనికి ఇచ్చారో చెప్పలేం.

సరే, ఆ అమ్మాయి రెండో ప్రశ్న. ఒక డాక్టర్ సిస్ట్ తీసేద్దాం అన్నారు, ఇంకో డాక్టర్ ముందు పిల్లల కోసం చూడండి అన్నారు, ఎవరిది నిజం? ఇద్దరిదీ కావచ్చు. చాక్లెట్ సిస్ట్ అంటే లోపల పాత రక్తం చిక్కబడి కరిగిన చాక్లెట్‌లా ఉంటుంది, స్కానింగ్‌లో ఆవిరి పట్టిన అద్దంలా మసగ్గా కనిపిస్తుంది. దాని గోడ ఓవరీకి అతుక్కుని ఉంటుంది, ఒలిచేటప్పుడు ఎంత చెయ్యి తిరిగిన సర్జన్ అయినా కొంత మంచి కణజాలం, దాంతోపాటు అండాలు పోతాయి. ఆపరేషన్ తర్వాత ఏఎంహెచ్, అంటే మిగిలిన అండాల నిల్వని సుమారుగా చెప్పే రక్తపరీక్ష, తగ్గేది అందుకే, రెండువైపులా సిస్టులుంటే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఐవీఎఫ్ ఫలితం బాగుంటుందని ముందుగా సిస్ట్ తీయడం మామూలుగా అవసరం లేదు, కానీ నొప్పి భరించలేనిదైనా, సిస్ట్ అడ్డొచ్చి అండాలు తీయడం కష్టమైనా, అది మామూలు సిస్టేనా అని అనుమానమున్నా లెక్క మారుతుంది. మరోవైపు సిస్టులు లేని తేలికపాటి దశలో లాప్రోస్కోపీతో, అంటే పొట్టలో కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌తో మచ్చలు తీసేస్తే లాభముందని కెనడాలో 341 మంది మీద జరిగి 1997లో వచ్చిన ట్రయల్ చూపించింది, తీసినవాళ్ళలో సుమారు 31 శాతం, తీయనివాళ్ళలో 18 శాతం గర్భం దాల్చారు. సిస్ట్ ఒలిస్తే అండాలు తగ్గుతాయి కాబట్టి ఏఎంహెచ్ కత్తి పడకముందు చేయించుకోవాలి, తర్వాత కాదు. ఎన్ని ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు చేశారు, పేగు మీద ఉంటే పేగుల సర్జన్ పక్కనుంటారా అని అడగడానికి మొహమాటపడొద్దు, బాగా చేసేవాళ్ళు ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు.

రిపోర్టులో స్టేజ్ 4 అని చూసి ఏడ్చేసేవాళ్ళున్నారు, ఇది క్యాన్సర్ స్టేజ్ కాదు తల్లీ. స్టేజికీ నొప్పికీ పొంతన ఉండదు, స్టేజ్ 1 వాళ్ళు మెలికలు తిరిగిపోవచ్చు, స్టేజ్ 4 వాళ్ళకి పిల్లల కోసం స్కాన్ చేసేదాకా తెలియకపోవచ్చు.

జబ్బు బయటపడటానికే ఏళ్ళు పడుతోంది, చాలా దేశాల్లో 4 నుంచి 12 ఏళ్ళు. మన ఇళ్ళల్లో "ఆడపుటక అన్నాక ఆ మాత్రం నొప్పి ఉండదా", "వేడి చేసింది, మెంతులు తిను", అన్నిటికంటే ఘోరమైనది "పెళ్ళయితే తగ్గిపోతుంది, ఒక కాన్పయితే అదే పోతుంది". గర్భంలో నెలసరి ఆగుతుంది కాబట్టి కొందరికి కొన్నాళ్ళు తెరిపి ఉంటుంది నిజమే, కానీ గర్భం ఈ జబ్బుకి మందు కాదు, మందుగా పిల్లల్ని కనమని చెప్పొద్దని ఆ యూరప్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఇక నలభై దాటినవాళ్ళకి "గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది" అనే సలహా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ శాతం దేశంలోకెల్లా ఎక్కువున్నది ఆంధ్రాలో, తెలంగాణలో. సంచి తీసినా పేగు మీద, పొట్ట గోడ మీద ఉన్న బోర్లు అక్కడే ఉంటాయి కదా!

ఒకప్పుడు పొట్టలో కెమెరా పెట్టి చూస్తేగానీ ఖాయం చేసేవాళ్ళు కాదు. ఇప్పుడు లక్షణాలు విని, మంచి స్కానో ఎంఆర్ఐనో చూసి వైద్యం మొదలుపెట్టొచ్చు, సీఏ-125 రక్తపరీక్ష మీద ఆధారపడక్కర్లేదు. స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని మాత్రం అర్థం కాదు, చిన్న మచ్చలు అందులో కనబడవు. యోని ద్వారా చేసే స్కాన్‌లో, తెలిసిన డాక్టరైతే, ప్రోబ్‌తో మెల్లగా నొక్కి గర్భసంచీ పేగూ ఒకదాని మీద ఒకటి జారుతున్నాయా అని చూస్తారు. ఆరోగ్యంగా ఉంటే ఆవకాయ నూనెలో ముక్కల్లా జారతాయి. అతుక్కుపోయి ఉంటే పెనానికి పట్టేసిన అట్టులా రెండూ కలిసి కదులుతాయి. దీన్ని స్లైడింగ్ సైన్ అంటారు, రెండు నిమిషాల పని, ఆపరేషన్ ఎంత కష్టమో ముందే చెప్పేస్తుంది. ఆ అమ్మాయి అప్పటికి మూడు స్కాన్లు చేయించుకుంది, ఒక్క రిపోర్టులోనూ ఆ మాట లేదు.

ఆమెకి ఇంకోటి కూడా చెప్పా, మీ ఆయన వీర్య పరీక్ష చేయించారా అని. చేయించలేదు. రెండున్నరేళ్ళలో ఈమెకి మూడు స్కాన్లు, లెక్కలేనన్ని రక్తపరీక్షలు, ఆయనకి ఒక్క పరీక్ష లేదు. నెలకి గర్భం వచ్చే అవకాశం మామూలు జంటలో 15 నుంచి 20 శాతం, ఎండోమెట్రియోసిస్ ఉంటే 2 నుంచి 10 దాకా పడిపోవచ్చు, మరి మిగిలిన ఆ కాస్తా ఎక్కడ పోతోందో చూడాలంటే ఇద్దర్నీ చూడాలిగా.

డైనోజెస్ట్ సొంతంగా ఆపొద్దు, ముందు డాక్టర్‌తో ఈ ఒక్క మాట చెప్పు అన్నాను. వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పంపింది మొన్న, రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేది. మొదటి లైను "మాకు ఇప్పుడే పిల్లలు కావాలి" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. తర్వాత ఏ నెలలో ఎన్ని రోజులు నొప్పి, పదికి ఎంత, విరేచనానికి వెళ్ళేటప్పుడు నొప్పి ఉందా, ఎన్ని మాత్రలు. దాని కింద ఏఎంహెచ్ 1.9, మా ఆయన రిపోర్టు జతచేశాను. చివర్న, స్లైడింగ్ సైన్ చూస్తారా?