బొమ్మ కంటే ముందు రంగు

ఆర్ట్ ఎప్పుడు పుట్టిందంటే చాలామంది గుహ గోడ మీద అడవిదున్న బొమ్మ దగ్గర మొదలెడతారు, నేనైతే జాజు దగ్గర మొదలెడతా. పండగొస్తే హైదరాబాద్‌లో ఇప్పటికీ కొన్ని పాత ఇళ్ల అరుగులకి పూస్తారే, ఆ ఎర్రమట్టే. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, అంటే దాదాపు తుప్పే, ఎండకి వెలిసిపోదు.

దక్షిణాఫ్రికాలో సముద్రం ఒడ్డున బ్లాంబోస్ అనే గుహలో సుమారు 1,00,000 ఏళ్ల నాటి రంగుల వర్క్‌షాప్ బయటపడింది. వర్క్‌షాప్ అని ఊరికే అనట్లేదు, రెండు పెద్ద సముద్రపు నత్త గుల్లలు, వాటిలో నూరిన ఎర్రమట్టి, బొగ్గు, ఎముకల కొవ్వు, పక్కనే నూరే రాళ్లు, అంటే ఏది ఎంత కలపాలో తెలిసి సరుకులు ముందే పోగేసుకున్నారన్నమాట. ఆ రంగుతో ఏం వేశారో మాత్రం దొరకలేదు. ఒంటికి పూసుకున్నారేమో, తోళ్లకి పూశారేమో, అవేవీ అన్నేళ్లు మిగలవు కదా. అదే గుహలో రాతి ముక్క మీద ఎర్రమట్టితో గీసిన అడ్డగీతలు 73,000 ఏళ్ల నాటివి.

కథ చెప్పే బొమ్మ ఇంకా తర్వాత. ఇండోనేసియాలోని సులవేసి దీవిలో ఒక అడవి పంది, చుట్టూ మనుషుల్లాంటి మూడు ఆకారాలు, వయసు కనీసం 51,200 ఏళ్లు. కనీసం అని ఎందుకంటే ఎర్రమట్టిలో కార్బన్ ఉండదు కాబట్టి కార్బన్ డేటింగ్ కుదరదు, బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొరలో యురేనియం ఎంత థోరియంగా మారిందో కొలుస్తారు, పొర వయసు తెలుస్తుంది, బొమ్మ అంతకంటే పాతది.

కడుపు నిండాకే కళ అంటారు చూడండి, నాకు ఆ మాట నచ్చదు. జర్మనీలో దొరికిన సింహపు తల మనిషి బొమ్మ 31 సెంటీమీటర్లు, మామత్ అనే పాతకాలపు బొచ్చు ఏనుగు దంతంతో చెక్కింది, సుమారు 40,000 ఏళ్ల కిందటిది, మంచుయుగం చలి. అలాంటిదే ఇప్పుడు రాతి పనిముట్లతో చెక్కి చూస్తే 300 గంటలకి పైనే పట్టింది. అన్ని గంటలు ఒకడు వేటకి పోకుండా కూర్చున్నాడంటే మిగతావాళ్లు వాడికి తిండి పెట్టినట్టేగా? పైగా చేతులు మారీ మారీ ఆ బొమ్మ అరిగింది కూడా, కాబట్టి అది ఒక్కడి సరదా అయితే కాదు, గుంపు మొత్తానికీ దాంతో పనుంది.