"ఇది వేడి చేస్తుందా మేడం?": ఎండలు ముదరకముందు తిండి, నడక గురించి అపోహలు - వాస్తవాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అది పోయిందంటే చాలు మా క్లినిక్‌లో ప్రశ్నలు కూడా మారిపోతాయి. అప్పటిదాకా కీళ్ళనొప్పులకి ఏం తినాలండీ అని అడిగినవాళ్ళే ఒక్కసారిగా ఇది వేడి చేస్తుందా మేడం, అది చలవ చేస్తుందా మేడం అని మొదలెడతారు. నేను పాలకొల్లు వైపు చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌ని, పుట్టిందీ పెరిగిందీ ఈ కాలవల మధ్యే. చదువయ్యి వచ్చిన కొత్తల్లో అందరికీ ఓట్సు, బ్రకోలీ అని టైపు చేసిన షీటు ఒకటి ఇచ్చేదాన్ని, దాళ్వా (రెండో పంట) కోతల టైములో ఒక పెద్దాయన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఏ సంతలో అమ్ముతారమ్మా" అన్నారు, నిజంగానే అడిగారు, ఎటకారం కాదు. ఆ షీటు ఆ రోజే చింపేశా. అప్పట్నుంచి మన పొలంలో, మన సంతలో దొరికేదాని గురించే మాట్లాడుతున్నా, ఇక్కడ రాసేది కూడా అదే.

అపోహ: షుగర్ వచ్చిందంటే అన్నం మానేసి చపాతీ తినాలి

ఇది నేను రోజుకి పదిసార్లు వినేది. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం మామూలే, రాత్రి మాత్రం నాలుగు చపాతీలు, పైగా బంగాళాదుంప కూరతో, అడిగితే "రాత్రి అన్నం ముట్టట్లేదండి" అని గర్వంగా చెప్తారు. ఒక మామూలు చపాతీలో పిండి పదార్థం సుమారు 20 గ్రాములు ఉంటుంది, ఒక చిన్న కప్పు అన్నంలో, అంటే 150 గ్రాముల అన్నంలో, 40 గ్రాముల పైచిలుకు. అంటే రెండు చపాతీలు ఒక కప్పు అన్నం దాదాపు ఒకటే, నాలుగు చపాతీలంటే రెండు కప్పులు తిన్నట్టే లెక్క. గోధుమలో పీచు కాస్త ఎక్కువుంటుంది, కాదనను, కానీ అదేం మందు కాదు.

మనవాళ్ళకి తెలియని ముచ్చట ఒకటుంది. మన పక్కనే ఉన్న మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన వరి రకమే స్వర్ణ, అదే ఎంటీయూ 7029, ఆ ఎంటీయూ అంటే మార్టేరే. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళతో కలిసి 235 బియ్యం రకాలకి గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత జోరుగా పెరుగుతుందో చెప్పే అంకె, లెక్కకట్టారు. 48 నుంచి 92 దాకా వచ్చింది, సగటు 64. తక్కువ వచ్చిన రకాల్లో మన స్వర్ణ ఒకటి! మనం ఏం చేస్తాం అంటే స్వర్ణ మిల్లుకి తోలేసి, తెల్లగా మల్లెపువ్వులా ఉండే సన్నబియ్యం బస్తా కొనుక్కొచ్చుకుంటాం. మిల్లులో రెండు మూడు పాలిష్‌లు పడితే ఏ బియ్యమైనా తవుడంతా పోయి వట్టి పిండే మిగులుతుంది, కాబట్టి సింగిల్ పాలిష్ అడగండి, ఇష్టముంటే దంపుడు బియ్యం.

అలాగని స్వర్ణ అంటే కంచం నిండా పెట్టుకోమని కాదండోయ్. అసలు తేడా వచ్చిందంతా అక్కడే. మా తాతగారు సార్వా (తొలి పంట) ఊడ్పులకి దిగితే పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం గట్టు మీద కంచుగిన్నెడు అన్నం, రాత్రి మళ్ళీ అన్నం, మనిషి మాత్రం ఎండిన తాటిమట్టలా ఉండేవారు. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తుంది, కోత మిషను కోసేస్తుంది, రైతు బండి మీద గట్టు దాకా వెళ్ళి, స్టాండు వేసి, ఫోను చూసుకుని వచ్చేస్తాడు. పని మారిపోయింది, కంచం మాత్రం తాతగారిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకి 2000 కేలరీలు సరిపోయే మనిషికి ధాన్యాలన్నీ కలిపి, అంటే బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి అన్నీ కలిపి, వండకముందు తూకం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్ళల్లో ఈ లెక్క తిరగబడి ఉంటుంది, అన్నం కొండ, పక్కన కూర చుక్క. ఈ కాలంలో కూరలకేం లోటని, పనసపొట్టు వస్తుంది, మునక్కాడలు వస్తాయి, దోసకాయ, పొట్లకాయ, తోటకూర ఎప్పుడూ ఉంటాయి. ముందు కూర వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి, నేను చెప్పే డైట్ ప్లాన్ మొత్తం అంతే.

చద్దన్నం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. మంచిదే. వండిన అన్నం చల్లారితే అందులో పిండి కొంత అరక్కుండా పీచులా పనిచేసే రకంగా మారుతుంది, తరవాణిలా పులిస్తే కడుపుకి పనికొచ్చే బ్యాక్టీరియా కూడా వస్తుంది. కానీ ఈ మధ్య వీడియోల్లో చెప్తున్నట్టు షుగర్ తగ్గించే ఔషధం కాదు, ఆ తేడా కొంచెమే. ఇంకోటి, రాత్రి తొమ్మిదింటిదాకా గిన్నెలో అలా వదిలేసి పడుకునేముందు గుర్తొచ్చి మజ్జిగ పోయడం కాదు, వండిన గంటా రెండు గంటల్లోనే నీళ్ళో మజ్జిగో పోసేయాలి, బాగా ఉక్కగా ఉన్న రాత్రుల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. జిగురుగా అనిపించినా, వాసన తేడాగా ఉన్నా మొహమాటం లేకుండా పారబోయండి.

అపోహ: మామిడిపండు వేడి, సెగ్గడ్డలు వస్తాయి, షుగర్ వాళ్ళయితే వాసన కూడా చూడకూడదు

సెగ్గడ్డ అనేది చర్మం మీద వెంట్రుక కుదురులో బ్యాక్టీరియా చేరితే వచ్చేది. ఎండాకాలం చెమట, రాపిడి, ఉక్క, అందుకే అప్పుడు ఎక్కువ, మామిడిపళ్ళు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి నేరం పండు మీదకి పోయింది పాపం. మూతి చుట్టూ మంట, పొక్కులు వచ్చేది మాత్రం నిజం, అది తొడిమ దగ్గర కారే సొన వల్ల. పళ్ళని నీళ్ళలో కాసేపు ఉంచి కడుక్కోమని పెద్దవాళ్ళు అన్నది అందుకే పనికొస్తుంది, ఆ సొన పోతుంది, పండులో "వేడి" లాగేయడం ఏమీ ఉండదు. అస్తమానం గడ్డలు వస్తుంటే మామిడిపండు మానడం కాదు, ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండి, మా దగ్గర ఇద్దరు ముగ్గురికి అలాగే బయటపడింది.

షుగర్ ఉన్నవాళ్ళకి లెక్క చెప్తా. ఓ మాదిరి పండులో గుజ్జు 200 గ్రాములు ఉంటే పిండి, చక్కెర కలిపి 30 గ్రాములు, అది 100 గ్రాముల అన్నంతో సమానం. ప్రమాదం ఎక్కడంటే మనం పండు విడిగా తినం, కడుపునిండా భోంచేసి చివర్లో పెరుగన్నంలో బంగినపల్లి ముక్కలు, లేకపోతే రసాలు పిసుక్కుని, ఆహా, నాకూ తెలుసు ఆ రుచి. షుగర్ కంట్రోల్‌లో ఉన్నవాళ్ళు సాయంత్రం నాలుగింటికి సగం పండు, నాలుగు వేరుశనగలతోనో కాస్త పెరుగుతోనో తినొచ్చు, లేదూ పెరుగన్నంలోనే కావాలంటే ఆ పూట అన్నం అంత మేర తగ్గించుకోండి. జ్యూసు వద్దు. ఆత్రేయపురం తాండ్ర పండు లాంటిదే కదండీ అని అడుగుతారు, కాదు, నీరంతా ఎండిపోయి చక్కెర చిక్కబడింది, పైగా చాలాచోట్ల బెల్లమో పంచదారో కలుపుతారు, అది స్వీటు కిందే లెక్క.

బెల్లం మాటొచ్చింది కాబట్టి: బెల్లం పూతరేకులైతే పర్లేదు కదా అనే ప్రశ్నకి నా జవాబు, పంచదార పూతరేకులు ఎంతవరకు పర్లేదో ఇవీ అంతవరకే పర్లేదు. 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలు, బెల్లంలో 380 చిల్లర. తాటిబెల్లమూ అంతే, తేనెలో కాస్త తక్కువున్నా అదీ చక్కెరే. పైన కలిపే తీపి మొత్తం రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచీ చెప్తోంది, అంటే ఐదారు చెంచాలు, మన టీలకే సరిపోద్ది.

అపోహ: కొబ్బరి బొండాం ఎవరికైనా ఎన్నయినా మంచిదే

కోనసీమలో ఈ మాట కాదన్నందుకు నన్ను ఊళ్ళోంచి వెలేస్తారేమో. ఇంటికెళ్తే ముందు బొండాం కొట్టించే మర్యాద మనది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రోజుకి ఒకటి హాయిగా తాగొచ్చు, కూల్‌డ్రింకు కంటే వంద రెట్లు నయం. కానీ ఒక బొండాంలో పొటాషియం 600 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కిడ్నీ పని తగ్గినవాళ్ళలో అది బయటకి పోదు, రక్తంలో పేరుకుని గుండె కొట్టుకోవడమే తప్పుతుంది. బీపీకి, గుండెకి ఇచ్చే టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు, అందులోనూ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగినవాళ్ళు, డాక్టరుని అడక్కుండా రోజూ తాగొద్దు. చూడ్డానికొచ్చిన చుట్టాలు కిడ్నీ పేషెంటు మంచం పక్కన అరడజను బొండాలు పెట్టి వెళ్ళడం నేను చాలాసార్లు చూశా, ప్రేమే, కానీ పక్కింటివాళ్ళకి ఇచ్చేయండి.

ఇంకో సంగతి, చెమటలో నీళ్ళతో పాటు ఎక్కువగా పోయేది ఉప్పు, బొండాంలో ఉప్పు తక్కువ. విరేచనాలైనా, పొలంలో రోజంతా చెమటోడ్చినా ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుంటే కచ్చితంగా అన్ని నీళ్ళలోనే కలుపుకోవాలి, లీటరు ప్యాకెట్ అయితే లీటరులోనే, గ్లాసులో కాదు. మామూలు రోజుల్లో ఉప్పేసిన పల్చటి మజ్జిగ చాలు.

అపోహ: ఎంత చెమట పడితే అంత కొవ్వు కరిగినట్టు

ఉగాది దగ్గర పడేసరికి కాలవగట్టు మీద కొత్తగా నడిచేవాళ్ళు కనిపిస్తారు, కొందరు ఎనిమిదీ తొమ్మిదింటికి మందపాటి ట్రాక్‌సూటు వేసుకుని మరీ. చెమటగా పోయేది నీళ్ళు, ఉప్పు. ఇంటికొచ్చి కాటా ఎక్కితే అరకిలో తగ్గి ఉంటుంది, చెంబుడు నీళ్ళు తాగగానే వచ్చేస్తుంది.

మన డెల్టాలో ఎండ లెక్క వేరు. చెమట పడితే ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరితే చల్లబడుతుంది. అనంతపురంలో ఎండ ఎక్కువున్నా గాలి పొడిగా ఉంటుంది, చెమట ఇట్టే ఆరిపోతుంది. ఇక్కడ సముద్రం, గోదారి, చెరువులు, తడిచేలు, గాలిలో ఎక్కడలేని తేమ, చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు, అందుకే 36 డిగ్రీలకే ప్రాణం విసిగిపోతుంది. ఫోనులో టెంపరేచరు చూసి ఫర్లేదులే అనుకోవద్దు. నేనే బుద్ధి లేకుండా ఓ మార్చిలో, చలికాలమంతా కదలకుండా కూర్చుని, ఒకేరోజు ఐదు కిలోమీటర్లు పెట్టుకున్నా, ఎనిమిదిన్నరకి కళ్ళు బైర్లు కమ్మి తూము గోడ మీద కూలబడిపోయా, అటు వెళ్తున్న పాలబ్బాయి నీళ్ళిచ్చి ఇంటి దగ్గర దింపాడు. మా ఆయన ఇప్పటికీ ఆ కథ చుట్టాలకి చెప్తారు. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అందుకని మొదట ఇరవై నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచండి. పొద్దున ఏడు లోపు, లేదా పొద్దువాలాక. ఎవరైనా ఎండలో తిరిగొచ్చి ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, నోట్లో నీళ్ళు పోసే ప్రయత్నం చెయ్యకుండా నీడలోకి తెచ్చి ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోను చెయ్యండి.

"ఇంటిపనే బోలెడు, మాకు నడకెందుకండీ" అనే ఆడవాళ్ళకి: పని లెక్కలోకి వస్తుంది, ఎవరు కాదన్నారు, కాకపోతే అది చేసేటప్పుడు కాస్త ఆయాసం రావాలి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. మిక్సీ, వాషింగ్ మిషను వచ్చాక అలాంటి పని ఇంట్లో ఎంతుందో మీకే తెలుసు. వారానికి కనీసం 150 నిమిషాలు అలాంటి కదలిక, రెండు రోజులు కండకి బలం వచ్చే పని, ఇదీ లెక్క. రెండోది ఎవరూ చెయ్యరు. జిమ్ము అక్కర్లేదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, మూడు విడతలు, అరవై దాటినవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే.

గుడ్డు వేడి, ఎండాకాలం మానేయాలి అనేదానికి రెండు ముక్కలే, వేడి లేదు, ఏమీ లేదు, రోజుకొకటి తినండి, పిల్లలకి పెట్టండి. వేపపువ్వు పచ్చడి ఏడాది విషమంతా కడిగేస్తుంది అనేది కూడా అంతే, కడిగే పని కాలేయం, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉన్నాయి, పచ్చడి పండగ కోసం తినండి, బాగుంటుంది.

చివరిది ఉప్పు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు సంతలోకి దిగగానే ఆవకాయ హడావుడి మొదలవుద్ది, దాంతోపాటు "కల్లుప్పు వేస్తే బీపీ రాదు" అనే మాట కూడా. కల్లుప్పు, సైంధవ లవణం, ప్యాకెట్ ఉప్పు, అన్నీ సోడియమే, పైగా మామూలు కల్లుప్పులో చాలావరకు అయోడిన్ ఉండదు. రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచా, అన్నిట్లో కలిపి. ఆవకాయలో ఉప్పు తగ్గించి పెట్టమని నేను చెప్పను, తగ్గిస్తే బూజు పట్టి జాడీ మొత్తం పోతుంది, అప్పుడు మీ అత్తగారు నన్నే తిడతారు. పెట్టడం పెట్టాల్సినట్టే పెట్టండి, వేసుకునేటప్పుడు ముక్క ఒకటి, ఊట చెంచాడు, ఆ పూట కూరలో, మజ్జిగలో ఉప్పు వేసుకోకండి. మొదటి రోజు జాడీలో కలిపిన అన్నం ముద్దలకి మాత్రం మినహాయింపు ఇచ్చేశా, బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగి మరీ.