కుండీలో ఎరువు పెంచితే కోత ముందుకు రాదు: మిద్దె తోటల్లో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మిద్దె తోటలు వేయించడం, వేసినవాటిని వెళ్లి చూసి రావడం నా పని. కొత్తవాళ్లు ఎక్కువగా అడిగేది త్వరగా చేతికొచ్చే కూరలే. మెంతికూర, తోటకూర, పాలకూర, ముల్లంగి, కాస్త ఓపికుంటే బెండ. మంచి ఆలోచనే. కానీ విత్తిన రెండు వారాలకే ఫోన్లు మొదలవుతాయి. "మొక్కలు ఎదగట్లేదమ్మా, బలం చాలట్లేదేమోనని కాస్త యూరియా వేశాను. పొద్దున చూస్తే ఆకుల అంచులు మాడిపోయాయి."

అపోహ: ఎరువు ఎక్కువ వేస్తే పంట త్వరగా వస్తుంది

రాదు. పంట ఎన్నాళ్లకు వస్తుందన్నది రకాన్ని బట్టి, ఎండను బట్టి, కాలాన్ని బట్టి ఉంటుంది. అదునులో విత్తితే మెంతికూర 20-25 రోజులు, తోటకూర 25-30, పాలకూర తొలి కోతకు 35-40, పూసా చేతకి రకం ముల్లంగికి 40-45, బెండ తొలికాయకు 45-50. ఎరువు లోటుంటే ఈ గడువు వెనక్కి పోతుంది. సరిపడా ఉన్నచోట ఇంకా వేసినా ముందుకు మాత్రం జరగదు.

ఒక లెక్క చూడండి. ఎకరా బెండకు పంట మొత్తానికి 40-50 కిలోల నత్రజని వేస్తారు, అదీ దఫాలుగా. 40 కిలోలే అనుకున్నా చదరపు మీటరుకు 10 గ్రాములు. అడుగు వెడల్పున్న గుండ్రటి కుండీకి 0.7 గ్రాములు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఒకటిన్నర గ్రాముల యూరియా చాలు, పంట కాలం మొత్తానికి! ఒక టీ స్పూనులో దానికి రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. పొలంలో అయితే మిగిలింది వాననీటితో కిందికి దిగిపోతుంది. కుండీలో వేరుకు తప్పించుకునే చోటేది? మట్టిలో లవణాలు పెరిగి, తడి ఉన్నా వేరు నీళ్లు తీసుకోలేదు. మొక్క వాలిపోతుంది. వాలింది కదా అని మళ్లీ ఇంకేదో వేస్తారు.

ఉప్పల్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ముల్లంగి వేశారు. ఆకు మోకాలెత్తు పెరిగింది, పచ్చగా, చూడముచ్చటగా. పీకితే దుంప పెన్సిల్ అంత. "విత్తనం నకిలీదమ్మా" అని కొట్టుకు బయల్దేరబోయారు. విత్తనంలో ఏ లోపమూ లేదు. నత్రజని ఎక్కువై బలమంతా ఆకుకు పోయింది, పైగా మొక్కలు ఒత్తుగా ఉన్నాయి. లేత ఆకులకు పేనుబంక కూడా పట్టింది. ఆయన ముఖం చూస్తే నాకే బాధేసింది, మనవరాలికి ముల్లంగి పరాటా చేసి పెడతానని మాటిచ్చారట. ఆ ఆకునే పప్పులో వేసుకోమని చెప్పి, కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయించాను, కాస్త ఆగి ఇంకోసారి. తర్వాత ఎరువు ఆపించి, మట్టి కోలుకుందో లేదో తెలియడానికి గుప్పెడు తోటకూర విత్తనాలు చల్లించాను. అవి చక్కగా మొలిచాక మళ్లీ ముల్లంగి వేశారు, ఈసారి మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అంగుళాలు ఉండేలా మధ్యవి పీకేసి.

మీ కుండీలోనూ ఇలా జరిగితే మట్టి పారబోయకండి, తోట మానేయకండి. చాలాసార్లు మట్టి కోలుకుంటుంది. అసలు ఆకుకూరలకు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపితే తొలి పంటకు ఇంకేమీ అక్కర్లేదు. పాలకూరలా మళ్లీ మళ్లీ కోసేవాటికి కోత అయ్యాక గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు.

"యూరియా కాదుగా, పేడేగా" అనుకునేవాళ్లకూ చెప్పాలి. పచ్చి పేడ కుళ్లేటప్పుడు వేడెక్కుతుంది, అమోనియా వదులుతుంది, లేత వేళ్లు చచ్చిపోతాయి. వంటింటి చెత్త నేరుగా మట్టిలో కలిపితే అది కుళ్లడానికి కావాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి. మొక్క పసుపుపచ్చగా అవుతుంది. అది చూసి మళ్లీ యూరియా! మాగిన ఎరువుకు కంపు ఉండదు, ముట్టుకుంటే వేడి తగలదు, చేతిలో పొడిపొడిగా రాలుతుంది.

అపోహ: కొత్తిమీర ఎప్పుడు వేసినా వస్తుంది

మే నెలలో మిద్దె మీద వేస్తే సరిగ్గా మొలవదు, మొలిచినా త్వరగా పూతకొస్తుంది. అప్పుడు తోటకూర, బచ్చలి, గంగవాయిల కూర వేసుకోండి. చలికాలంలో కూడా ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి విత్తాలి, మొలవడానికి 8-12 రోజులు పడుతుంది. ఐదో రోజున మట్టి తవ్వి చూసే అలవాటు దయచేసి మానండి. టెన్షన్ అర్థమవుతుంది, కానీ తవ్వితే మొలక విరుగుతుంది.

అపోహ: ఆకుకూరలకు ఎండ అక్కర్లేదు

రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. లేకపోతే సన్నగా సాగి పడిపోతాయి.

అపోహ: ఎప్సం సాల్ట్ చల్లితే ఏ మొక్కైనా పచ్చబడుతుంది

అందులో ఉండేది మెగ్నీషియం, గంధకం. నత్రజని లేదు. వాట్సాప్‌లో వచ్చిందల్లా కుండీలో పోయకండి.

అపోహ: హైబ్రిడ్ విత్తనమంటే జన్యుమార్పిడి విత్తనమే

కాదు. హైబ్రిడ్ అంటే రెండు రకాలను సంకరం చేసి తీసిన విత్తనం. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ విడుదలను కేంద్రం 2010లోనే నిలిపివేసింది. ప్యాకెట్‌లో గింజలు గులాబీ రంగులో ఉంటే అది సాధారణంగా శిలీంద్రనాశిని పూత. విత్తుకోవడానికి మంచిదే. కానీ ఆ గింజలతో ఇంట్లో మొలకలు కట్టుకుని తినకూడదు. మిగిలిన మెంతి ప్యాకెట్‌ను పోపు డబ్బా పక్కన పెట్టడం చాలా ఇళ్లలో చూశాను. దాన్ని వెంటనే తీసి, పిల్లలకు అందని చోట విడిగా దాచండి. విత్తాక చేతులు సబ్బుతో కడుక్కోండి.