పెళ్లి మండపం నుంచి పులికాట్ దాకా: ఫొటోగ్రఫీలో అపోహలు, వాస్తవాలు

ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలుండవు. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టు పక్షుల కేంద్రంలో పెలికాన్‌లు కనిపించేదీ ఆ చలికాలంలోనే. అందుకే మిగతా ఏడాది మండపాల్లో తిరిగే నేను ఆ నెలలో చెరువు గట్ల మీద ఉంటాను. రెండు చోట్లా కొత్తగా కెమెరా కొన్నవాళ్లు పలకరిస్తారు, అనుమానాలు అడుగుతారు. చాలావరకు అవే అనుమానాలు. ఫొటో బాగుంటే మెచ్చుకునేది కెమెరానే, చెడితే తిట్టేదీ దాన్నే. ఇప్పటి కెమెరాలు మనిషి కన్నునూ పక్షి కన్నునూ గుర్తుపట్టి ఫోకస్ చేస్తున్న మాట నిజమే. కానీ ఆ ఫొటోలో మీకు ఏం కావాలో వాటికి తెలియదు కదా. అది చెప్పాల్సింది మనమే.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫొటో బాగా వస్తుంది

ఒక చిన్న లెక్క వేద్దాం. ఆల్బమ్‌లో పెట్టుకునే 4x6 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1200x1800 పిక్సెల్స్ చాలు. అంటే దాదాపు 2.2 మెగాపిక్సెల్స్. గోడకు తగిలించే 12x18 ప్రింటుకైనా 19.4 సరిపోతాయి. 4కే టీవీ తెర మొత్తం కలిపినా 8.3 మెగాపిక్సెల్సే. కాబట్టి 24 మెగాపిక్సెల్స్ కెమెరాతో పెళ్లి నిక్షేపంగా తీయొచ్చు. ఫోన్ల మీద 50 అని రాసి ఉన్నా, మామూలు మోడ్‌లో చాలా ఫోన్లు నాలుగేసి పిక్సెల్స్‌ను ఒకటిగా కలిపి పన్నెండున్నర ఇస్తాయి. తక్కువ వెలుతురులో అదే మంచిది కూడా.

దూరంగా ఉన్న పక్షిని తీసి తర్వాత క్రాప్ చేయాలంటే, అంటే చుట్టూ కత్తిరించాలంటే మాత్రం ఎక్కువ మెగాపిక్సెల్స్ పనికొస్తాయి. పక్షుల పిచ్చి లేకపోతే ఆ డబ్బు లెన్స్ మీద పెట్టండి.

అపోహ: మాన్యువల్ మోడ్‌లో తీసేవాడే ఫొటోగ్రాఫర్

మాన్యువల్ అంటే సెట్టింగులన్నీ మనమే చేత్తో పెట్టుకోవడం. ఊరేగింపులో పెళ్లికొడుకు వీధి దీపం కింద నుంచి చీకట్లోకి, అక్కడి నుంచి బాణసంచా వెలుగులోకి వెళ్తుంటాడు. అప్పుడు చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటే మంచి క్షణాలు పోతాయి. నేను ఎపర్చర్ ప్రయారిటీలో (లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం చెబితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఐఎస్‌ఓను (ఫొటో వెలుతురును ఎంత పెంచి చూపాలన్న అంకె) ఆటోకు వదిలేసి, షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదించకుండా మెనూలో కట్టేస్తాను. వెలుతురు మారకుండా ఉండేచోట, అంటే స్టూడియో లైట్లు, చంద్రుడు లాంటి వాటికి మాన్యువల్ హాయి.

అపోహ: కెమెరా మీటర్ సున్నా దగ్గరుంటే ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే

ఎక్స్‌పోజర్ అంటే ఫొటోకు అందే వెలుతురు. కొత్తవాళ్ల ఫొటోలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇది ఒక్కటి పట్టుబడితే సగం పని నేర్చుకున్నట్టే.

కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ తన ముందున్న దృశ్యం నలుపూ తెలుపూ కాని నడిమి బూడిద రంగులో ఉంటుందని అనుకుని లెక్క వేస్తుంది. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర పట్టుకుంటారు, తెల్లటి గుడ్డ ఫ్రేమ్ నిండా ఉంటుంది. వధూవరులు ఎర్రంచు తెల్లటి మధుపర్కాల్లో ఉంటారు. ఇంత తెలుపు చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. తెర బూడిద రంగుకు తిరుగుతుంది, పెళ్లికూతురి మొహం నల్లబడుతుంది. ఆల్బమ్ చూసి "అమ్మాయి మొహంలో కళ లేదండీ" అంటారు. కళ ఉంది, ఎక్స్‌పోజరే తక్కువ. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దగ్గర పెట్టి చూడండి.

నల్లరాతి దగ్గర ఇది తిరగబడుతుంది. రామప్ప గుడి మదనికలను (నల్లరాతి స్త్రీ శిల్పాలను) దగ్గర నుంచి తీస్తే ఫ్రేమ్ నిండా నలుపే కాబట్టి కెమెరా వెలుతురు పెంచుతుంది, శిల్పం నున్నటి మెరుపు పోయి దుమ్ము పట్టినట్టు వస్తుంది. అక్కడ మైనస్ 1.

ఇంతవరకు చాలామంది చెబుతారు. చిక్కు వచ్చేది కొంగ దగ్గర. "తెల్ల పక్షి కాబట్టి ప్లస్" అని గుర్తుపెట్టుకున్నవాళ్లు, కొల్లేరులో నల్లటి నీడనీళ్ల ముందు నిలబడ్డ చిన్న కొంగకూ ప్లస్ పెడతారు. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం చీకటే కాబట్టి కెమెరా ముందే వెలుతురు పెంచేసి ఉంటుంది. పైగా మనం ఇంకాస్త పెంచితే కొంగ ఈకలన్నీ తెల్లటి మచ్చగా మారిపోతాయి, ఎడిటింగ్‌లోనూ తిరిగి రావు. ఇక్కడ మైనస్ పెట్టాలి. అదే కొంగ తెల్లటి ఆకాశంలో ఎగురుతుంటే ప్లస్. చూడాల్సింది మీరు తీస్తున్నది ఏ రంగు అని కాదు, ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ఏముంది అని.

ఎండలో కెమెరా వెనక తెరను నమ్మొద్దు, ఫొటో ఉన్నదానికంటే చీకటిగా కనిపిస్తుంది. మెనూలో హైలైట్ అలర్ట్ ఆన్ చేసుకుంటే తెల్లగా మాడిపోయినచోట మిణుకుమిణుకుమంటుంది. అలా మిణుకుమంటే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి.

అపోహ: ఐఎస్‌ఓ పెంచితే ఫొటో పాడవుతుంది

తెల్లవారుజామున మూడింటి ముహూర్తం. ఐఎస్‌ఓ 400 దాటకూడదని ఎవరో చెప్పారని, షట్టర్ స్పీడ్ 1/30కి దించి తలంబ్రాలు తీస్తారు. బియ్యం గీతల్లా, చేతులు మబ్బుల్లా వస్తాయి. 3200 పెట్టి 1/250లో తీస్తే కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది, కానీ ఇద్దరి నవ్వూ స్పష్టంగా ఉంటుంది. గ్రెయిన్‌ను సాఫ్ట్‌వేర్ చాలావరకు తగ్గిస్తుంది. కదిలిపోయిన మొహాన్ని సరిచేయడం మాత్రం కుదిరే పని కాదు.

గ్రెయిన్ రావడానికి ముఖ్య కారణం కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్‌కు చేరిన వెలుతురు చాలకపోవడం. ఐఎస్‌ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచినా అదే గ్రెయిన్ వస్తుంది. కొన్ని కెమెరాల్లో ఇంకా ఎక్కువే.

మండపం లైట్ల గురించి ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో కొన్ని ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫొటోల్లో అడ్డంగా చారలు వస్తుంటే కదలిక లేని ఫొటోలకు 1/100కో 1/50కో దిగండి. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా అయితే ముందుగా ఎలక్ట్రానిక్ షట్టర్ తీసేసి మెకానికల్ షట్టర్ పెట్టి చూడండి. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే దాని తీరు వేరు, స్పీడ్ మార్చి మార్చి చూసుకోవడమే.

అపోహ: లెన్స్ ఎఫ్ 1.8 ఉంటే ఎప్పుడూ 1.8లోనే తీయాలి

ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలు ఫ్రేమ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెట్టి, మీటరున్నర దూరంలోని మనిషిని 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు 10 సెంటీమీటర్లు. ఒక మొహానికి చాలు. జంటలో ఒకరు అర అడుగు వెనక్కి ఉంటే వాళ్లు మసకే. 5.6కి వెళ్తే అదే మందం 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. రెండు వరసల బంధువుల గ్రూప్ ఫొటో 1.8లో తీస్తే, మసకబారిన మేనత్త గారికి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

వెనక మసకబారాలంటే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తోనూ వీలవుతుంది. లెన్స్ చివరిదాకా జూమ్ చేసి, మనిషికి దగ్గరగా వెళ్లి, ఆ మనిషిని గోడకు వీలైనంత దూరంగా నిలబెట్టండి. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ చేసే మసక చాలావరకు సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి పూసింది. అందుకే జడలో మల్లెపూల అంచులు, జుంకీలు అప్పుడప్పుడు మాయమవుతుంటాయి.

అపోహ: రాత్రి కాబట్టి చంద్రుడికి ఎక్కువసేపు షట్టర్ తెరవాలి

చంద్రుడంటే ఎండ పడుతున్న రాయి. నడినెత్తి మీది పున్నమి చంద్రుడికి ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, 1/125 దగ్గర మొదలుపెట్టండి. గోపురం, చంద్రుడు ఒకే ఫొటోలో కావాలంటే పున్నమి రోజు సూర్యాస్తమయం వేళకే వెళ్లాలి. చంద్రుడు ఉదయించేదీ అప్పుడే, ఆకాశంలో ఇంకా వెలుతురు ఉంటుంది.

అపోహ: ఫ్లాష్ రాత్రికే, మధ్యాహ్నం ఎండలో అసలు తీయకూడదు

ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. గోదావరి హారతిని గట్టు మీద నుంచి ఫ్లాష్ వేసి తీస్తే వెలిగేది ముందున్నవాళ్ల తలకాయలే. అదే ఫ్లాష్ మిట్టమధ్యాహ్నం కళ్ల కింద పడే నల్లటి నీడల్ని తీసేస్తుంది.

ఫ్లాష్ లేకపోతే మనిషిని వసారాలోకి తీసుకొచ్చి, మొహం బయటివైపు తిప్పించండి. పోచంపల్లిలో గుంట మగ్గం మీద నేసేవాళ్లను తీయడానికి నాకు మధ్యాహ్నమే ఇష్టం. వాకిట్లో పడిన ఎండ కిటికీలోంచి మెత్తగా లోపలికి వస్తుంది. వాళ్లకు ఇబ్బంది లేదంటే ట్యూబులైటు ఒక్క నిమిషం ఆర్పమనండి. రెండు రకాల వెలుతురు కలిస్తే దారం రంగులు తప్పుగా వస్తాయి.

అపోహ: పెద్ద లెన్స్ ఉంటే పక్షులు బాగా పడతాయి

పులికాట్‌లో ఉదయం పది దాటాక తీసిన మసక ఫొటోలు చూపించి లెన్స్ సర్వీసింగ్‌కు ఇవ్వాలా అని అడుగుతుంటారు. లెన్స్‌లో ఏమీ ఉండదు. వేడెక్కిన నేల మీద గాలి అలలు అలలుగా కదులుతుంది, ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఆ గాలిలోంచే చూడాలి. దూరం పెరిగేకొద్దీ మసకా పెరుగుతుంది. తెల్లారేసరికి అక్కడుంటే సగం బెడద ఉండదు.

కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1600 పైన. వీలైతే నేలకు ఆనుకుని తీయండి. గూళ్లున్నచోట కంచె దాటి వెళ్లే ఫొటోగ్రాఫర్లంటే నాకు ఒళ్లు మంట. తల్లి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకు, కాకులకు దొరుకుతాయి.

అపోహ: ఎడిటింగ్ అంటే మోసం

కెమెరా ఇచ్చే జేపెగ్ కూడా ఎడిట్ చేసిందే, చేసింది కెమెరా, అంతే. రీళ్ల కాలంలో స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైల్‌లో (కెమెరా ఎడిట్ చేయకుండా ఇచ్చేదానిలో) 16,384. నీడలో మునిగిన మొహాన్ని పైకి తేవాలంటే ఆ తేడా కనిపిస్తుంది.

నా పద్ధతి ఇది: మొటిమ తీసేస్తాను, పుట్టుమచ్చ ముట్టుకోను, "కొంచెం తెల్లగా చేయండి" అంటే చేయను. పసుపు పచ్చటి మండపం గుడ్డల నుంచి మొహం మీద పడిన రంగును మాత్రం వైట్ బ్యాలెన్స్‌లో సరిచేస్తాను. రాలో తీయాలనుకుంటే కార్డు సంగతి చూసుకోండి. 24 మెగాపిక్సెల్స్ కెమెరాలో ఒక్కో ఫైల్ సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది, 64 జీబీ కార్డులో రెండు వేల పైచిలుకు పడతాయి. పెళ్లికి రెండు కార్డులు పట్టుకెళ్లండి.