ధ్యానం, మెదడు, రంగుల బొమ్మలు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మనిషి ఎంఆర్ఐ యంత్రంలో కాసేపు పడుకుని లేచి వెళ్లిపోతాడు. వెనక మిగిలే అంకెల కుప్పను తూర్పారబట్టి గింజ ఏదో, పొల్లు ఏదో తేల్చడం నా పని. రోజూ ఉదయం ఇరవై నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చునే అలవాటు కూడా నాకుంది. కాబట్టి దీన్ని ధ్యానం గిట్టని మనిషి రాతగా చదవవద్దు. ధ్యానంతో మెదడే మారిపోతుందంటూ వాట్సాప్‌లో తిరిగే రంగుల మెదడు బొమ్మలు గిట్టని మనిషి రాత ఇది.

అపోహ: ధ్యానం చేస్తే మెదడులో కొత్త కనెక్షన్లు పుట్టుకొస్తాయి

'కనెక్టివిటీ పెరిగింది' అని చదవగానే చాలామందికి తీగలు కళ్లముందు మెదులుతాయి. ధ్యానంపై జరిగే ఎంఆర్ఐ అధ్యయనాల్లో ఎక్కువ భాగం చూసేది తీగలను కాదు. మెదడులో ఏ ప్రాంతం పనిలో పడితే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. ఆ రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను బట్టి యంత్రానికి అందే సంకేతం మారుతుంది. సుమారు రెండు సెకన్లకు ఒక చిత్రం చొప్పున అయిదు పది నిమిషాలు తీస్తాం. ఆ తర్వాత రెండు ప్రాంతాల సంకేతాలు కలిసి లేస్తున్నాయా, కలిసి పడుతున్నాయా అని లెక్క కడతాం. చివరికి చేతికొచ్చేది మైనస్ ఒకటికీ ఒకటికీ నడుమ ఉండే ఒక అంకె. కనెక్టివిటీ అన్నా, అనుసంధానం అన్నా, జత బలం అన్నా ఈ అంకే.

ఊరికే పడుకున్నవారిలో కూడా ఈ లెక్క పనికొస్తుందని 1995లో పరిశోధకుడు భరత్ బిశ్వాల్ బృందం చూపింది. చేతులు కదపకపోయినా, కుడి ఎడమ చేతులను కదిలించే ప్రాంతాల సంకేతాలు జతగా ఊగుతున్నాయి. ఈ రంగం అక్కడి నుంచే ఊపందుకుంది.

వీధిలో రెండిళ్ల దీపాలు ఎప్పుడూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంటే వాటి మధ్య తీగ ఉందనుకోవచ్చు. రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నాయని కూడా అనుకోవచ్చు. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

అపోహ: 8 వారాల్లో మెదడు పెరుగుతుంది

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మాసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో ఒక ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. వారానికో తరగతి, ఇంటి దగ్గర రోజూ సాధన, మొత్తం 8 వారాలు. 2011లో ఈ శిక్షణ తీసుకున్న 16 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో, నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు పదార్థం సాంద్రత పెరిగిందని చెప్పింది. పదహారంటే పదహారు మంది. ఆ వార్త ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

2022లో అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు ప్రయోగాలను కలిపి ధ్యానానికి కొత్తవారైన 218 మంది సమాచారం ప్రచురించారు. ఎవరికి ధ్యాన శిక్షణ ఇవ్వాలో చీటీలు తీసినట్టుగా నిర్ణయించారు. మెదడు నిర్మాణంలో ఆ శిక్షణ వల్ల వచ్చిన మార్పేమీ కనబడలేదు. ధ్యానంపై ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న రిచర్డ్ డేవిడ్‌సన్ కూడా ఆ పరిశోధకుల్లో ఒకరు. తనకు నచ్చిన విషయానికి ఎదురు తిరిగిన ఫలితాన్ని బయటపెట్టడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. ఈ వార్త మాత్రం వాట్సాప్‌లో నాకు ఒక్కసారి కూడా రాలేదు.

అపోహ: ధ్యానమంటే మనసును ఖాళీ చేయడం, 'డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్'ను ఆపేయడం

2001లో నాడీశాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం 'డిఫాల్ట్ మోడ్' అనే పేరు పెట్టింది. చేతిలో పని లేనప్పుడు, నిన్నటి గొడవనో రేపటి ఖర్చునో తలచుకుంటున్నప్పుడు చురుగ్గా ఉండే ప్రాంతాల గుంపు ఇది. 2011లో జడ్సన్ బ్రూవర్ బృందం అనుభవజ్ఞులైన సాధకులు ధ్యానం చేస్తున్నప్పుడు ఈ గుంపులోని ప్రధాన ప్రాంతాల చురుకు తక్కువగా ఉన్నట్టు గమనించింది. తగ్గడమంటే ఆగిపోవడం కాదు. ఈ గుంపు ఆగితే గతాన్ని నెమరువేసుకోవడం, భవిష్యత్తును ఊహించుకోవడం కష్టమవుతుంది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది 2016లో వచ్చిన డేవిడ్ క్రెస్వెల్ అధ్యయనం. ఉద్యోగం లేక ఒత్తిడిలో ఉన్న 35 మందిని రెండుగా విడదీసి, సగం మందికి మూడు రోజుల ధ్యాన శిబిరం, మిగతావారికి అన్నే రోజుల విశ్రాంతి శిబిరం పెట్టారు. ధ్యానం నేర్చుకున్నవారిలో ఆ గుంపుకు కేంద్రం లాంటి వెనుక సింగ్యులేట్ ప్రాంతానికీ, దృష్టిని అదుపులో పెట్టే ఎడమ నుదుటి ప్రాంతానికీ మధ్య జత బలపడింది. నాలుగు నెలల తర్వాత వారి రక్తంలో ఒంట్లో లోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం కూడా తగ్గింది. ఆలోచన ఎటో వెళ్లినా 'వెళ్లింది' అని పట్టుకునేవాడు దగ్గర్లోనే ఉన్నాడన్నమాట. ఇది నా వ్యాఖ్యానం, స్కాన్ చెప్పింది కాదు. 35 మంది తక్కువే. అయినా విశ్రాంతి శిబిరంతో పోల్చడం వల్ల నాకు దీని మీద గౌరవం.

అపోహ: అనుసంధానం ఎంత పెరిగితే అంత మంచిది

మూర్ఛ వచ్చినప్పుడు నాడీకణాలు పెద్ద గుంపులుగా ఒకేసారి మోగుతాయి. అంతకంటే గట్టి అనుసంధానం ఉండదు, ఎవరూ కోరుకోరు. ధ్యానం తర్వాత కొన్ని జతలు బలహీనపడటమే మేలైన సూచనగా భావిస్తారు. భయానికి స్పందించే అమిగ్డలాకూ, సింగ్యులేట్ ప్రాంతపు ముందు వైపు కింది భాగానికీ మధ్య జత తగ్గిందని 2015లో ఒక అధ్యయనం చూపింది.

అపోహ: స్కాన్ బొమ్మ అబద్ధమాడదు

ఇప్పుడా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వద్దాం. ఊపిరి నెమ్మదిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మారుతుంది, దాన్ని బట్టి రక్తనాళాలు విప్పారుతాయి లేదా బిగుస్తాయి. అప్పుడు మెదడంతా సంకేతం కలిసి లేచి కలిసి పడుతుంది. చూసేవారికి అదంతా 'అనుసంధానం'లాగే కనబడుతుంది. ధ్యానంలో మొదట మారేదేమో ఊపిరే!

తల కదలిక ఇంకో తలనొప్పి. మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా దూరపు జతలు బలహీనంగా, దగ్గరి జతలు బలంగా కనిపిస్తాయి. సాధకుడు బండలా పడుకుంటాడు, కొత్తవాడు గొంతు సవరించుకుంటాడు. తేడా మెదడుదా, మెడదా? ఛాతీకి పట్టీ కట్టి ఊపిరిని కొలిచారా, కదలికను లెక్కలోంచి తీసేశారా అని చూడకుండా నేను ఏ ఫలితాన్నీ నమ్మను.

అపోహ: నేను కూడా స్కాన్ తీయించుకుంటే ధ్యానం ఫలించిందో లేదో తెలుస్తుంది

ఇది నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం నుంచి వచ్చినవారు మరీ ఉత్సాహంగా అడుగుతారు. పైన చెప్పినవన్నీ గుంపుల సగటులు. ఒక్కరి పది నిమిషాల స్కాన్‌లో వచ్చే అంకె, రాత్రి నిద్ర చాలకపోయినా, పొద్దున కాఫీ తాగినా, యంత్రంలో కునుకు పట్టినా మారిపోతుంది. అలాంటి స్కాన్‌కు డబ్బు పెట్టాలని ఉందన్న వారికి వద్దనే చెబుతుంటాను. ఎలా నిద్ర పడుతోంది, ఇంట్లో ఎన్నిసార్లు కసురుకుంటున్నారు అని అడుగుతాను. రెండో ప్రశ్నకు జవాబు సాధారణంగా పక్కన కూర్చున్నవారి నుంచి వస్తుంది.