గ్రంథులు తీశాక వచ్చే వాపు, దానికి చేసే ఆపరేషన్లు: అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యో కాలో వాచి మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో సర్దుకోకముందే అడుగుతారు: "దీనికి కూడా ఆపరేషన్ ఉందట కదా డాక్టర్?" ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగు రకాలున్నాయి. కానీ నేను ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ వాపులో ఉన్నది నీరా, కొవ్వా? మొదట్లో నీరే ఎక్కువ. వేలితో నొక్కితే గుంట పడుతుంది, రాత్రి చెయ్యి ఎత్తులో పెట్టుకుని పడుకుంటే పొద్దుటికి కొంత తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడే కొవ్వు పేరుకుంటుంది, చర్మం కింద పీచులా గట్టిపడుతుంది, నొక్కినా గుంట పడదు. ఏ ఆపరేషన్ చేయాలి, ఎప్పుడు చేయాలి, అసలు అవసరమా అన్నవన్నీ దీన్ని బట్టే ఉంటాయి. ఇది తెలియక కొందరు లేని ఆశ పెట్టుకుంటారు, ఇంకొందరు అందుబాటులో ఉన్న వైద్యాన్నే వదిలేసుకుంటారు.

రొమ్ము క్యాన్సర్‌కు చంకలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పొత్తికడుపులో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు చంకలో లేదా గజ్జల్లో లింఫ్ గ్రంథులు తీస్తారు. అలా తీసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా రాగల ఈ వాపు పేరు లింఫెడీమా. తల, మెడ క్యాన్సర్ల తర్వాత గొంతు లోపల కూడా వస్తుంది. అది పైకి కనిపించదు, మింగడం కష్టమైనప్పుడు బయటపడుతుంది.

అపోహ: అది ఒట్టి నీరే, నీరు దిగే మాత్రలు వాడితే పోతుంది

వాస్తవం: పోదు. రక్తకేశనాళికల నుంచి రోజూ కొన్ని లీటర్ల ద్రవం కణజాలంలోకి ఊరుతుంది. అందులో చాలా భాగాన్ని సిరల వైపు కేశనాళికలే మళ్లీ పీల్చుకుంటాయని మేం చదువుకున్న పుస్తకాల్లో ఉండేది. చాలా కణజాలాల్లో అలా జరగదని తర్వాత తేలింది. ఊరిన ద్రవాన్ని, దానితోపాటు బయటపడిన ప్రొటీన్లను తిరిగి రక్తంలోకి చేర్చే పని దాదాపు అంతా లింఫ్ వ్యవస్థదే. ఈ ద్రవమే లింఫ్. దాన్ని మోసే నాళాలకు లోపల కవాటాలుంటాయి, గోడల్లో కండరం ఉంటుంది. అవి సొంతంగా ముడుచుకుంటూ ద్రవాన్ని పైకి తోస్తాయి. శరీరంలో ఎక్కువ భాగం నుంచి వచ్చే లింఫ్ చివరికి ఎడమ కాలర్ ఎముక వెనుక పెద్ద సిరలు కలిసే చోట రక్తంలో పడుతుంది.

మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు నీటిని లాగుతాయి, ప్రొటీన్‌ను లాగలేవు. కణజాలంలో మిగిలిన ప్రొటీన్ మళ్లీ నీటిని పట్టుకుంటుంది. గుండె, కిడ్నీ జబ్బులకు ఆ మాత్రలు వాడేవాళ్లు మాత్రం ఇది చదివి మానేయకండి, అవి వేరే పని కోసం ఇచ్చినవి.

అపోహ: గ్రంథులు తీస్తే వాపు తప్పదు. ఏడాది దాటిందంటే ఇక రాదు

రెండూ తప్పే. రొమ్ము క్యాన్సర్ మీద వచ్చిన అధ్యయనాలను కలిపి 2013లో చేసిన ఒక విశ్లేషణలో, చంకలోని గ్రంథులను విస్తారంగా తీసినవాళ్లలో సుమారు 20 శాతం మందికి చెయ్యి వాచింది. సెంటినెల్ బయాప్సీ మాత్రమే చేసినవాళ్లలో అది 5-6 శాతం. కణితి ఉన్న చోటి నుంచి లింఫ్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను రంగు మందుతోనో, రేడియోధార్మిక పదార్థంతోనో గుర్తించి వాటినే తీసి పరీక్షించడం ఈ పద్ధతి. మెలనోమాలో దీన్ని 1992లో డొనాల్డ్ మోర్టన్ బృందం వివరించింది, కొద్ది కాలానికే రొమ్ము క్యాన్సర్‌లోకీ వచ్చింది. ఎన్ని గ్రంథులు తీస్తే అంత మంచిదన్న కాలం పోయింది. లింఫెడీమాకు ఇప్పటివరకు వచ్చిన అతి పెద్ద వైద్యం ఏదని నన్నడిగితే నేను చేసే ఆపరేషన్ల పేరు చెప్పను, ఈ బయాప్సీ పేరే చెబుతాను. అయితే అందరికీ ఇది సరిపోదు. చంకలో జబ్బు బాగా పాకినవాళ్లకు గ్రంథులు తీయక తప్పదు, అక్కడ వాపు భయంతో వెనకాడకూడదు.

ఇక కాలం సంగతి. ఎక్కువమందికి మొదటి మూడేళ్లలో కనిపిస్తుంది, కానీ పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు. మెయిన్ రోడ్డు మూసేస్తే బండ్లన్నీ సందుల్లోంచి వెళ్లినట్టు, మిగిలిన నాళాలు కొంతకాలం భారం మోస్తాయి. ఆ తర్వాత వాటి గోడలు మందమై, లోపలి దారి సన్నబడి, తోసే శక్తి తగ్గుతుంది. బరువు పెరిగినా, ఆ చేతికి ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ రోజు ముందే వస్తుంది. కంటికి వాపు కనపడేలోపే బరువుగా, లాగినట్టుగా ఉంటుంది. ఉంగరం, వాచీ, చొక్కా చెయ్యి బిగుతవుతాయి. రావాల్సింది అప్పుడే. ఆపరేషన్‌కు ముందే రెండు చేతుల కొలతలు టేపుతో తీసి రాసి పెట్టుకుంటే, తర్వాత తేడా ఎంతో వాదన ఉండదు. ఇంత తేలికైన పని చాలాచోట్ల జరగకపోవడం నాకు ఇప్పటికీ చిరాకే.

అపోహ: ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, విమానం ఎక్కకూడదు, బరువు ఎత్తకూడదు

వాస్తవం: ఈ జాబితా చూసి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లను వరుసగా కొలతలు తీస్తూ గమనించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. రక్తం తీయడానికీ, ఇంజెక్షన్లకీ, బీపీ చూడటానికీ, విమాన ప్రయాణానికీ చెయ్యి వాయడంతో సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించిన వాటిలో అధిక బరువు, సెల్యులైటిస్ (చర్మానికి, దాని కింది పొరకు సోకే ఇన్ఫెక్షన్), చంక గ్రంథులను విస్తారంగా తీయడం ఉన్నాయి. రెండో చెయ్యి అందుబాటులో ఉంటే దాన్నే వాడమని నేనూ చెబుతాను, అందులో నష్టం లేదు. కానీ కీమోతో ఆ రెండో చేతి నరాలు పూడుకుపోయి, అత్యవసరంగా సెలైన్ ఎక్కించాల్సి వస్తే ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వద్దని పట్టుబట్టకండి.

బరువుల విషయంలో పాత సలహా పూర్తిగా తిరగబడింది. లింఫెడీమా ఉన్నవాళ్లతోనే క్రమంగా బరువులు ఎత్తించిన పరిశోధన 2009లో అచ్చయింది. వ్యాయామం చేసినవాళ్లలో వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ఎక్కువయ్యే సందర్భాలు తగ్గాయి. ముడుచుకునే కండరం పక్కనున్న లింఫ్ నాళాన్ని నొక్కి ద్రవాన్ని ముందుకు తోస్తుంది. తక్కువ బరువుతో, తెలిసినవాళ్ల పర్యవేక్షణలో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. చేతిని వాడకుండా దాచుకోవడమే చెడ్డ పని.

అపోహ: మసాజ్ చేస్తే క్యాన్సర్ పాకుతుంది

శిక్షణ పొందిన థెరపిస్టు చేతి మీద చేసే తేలికపాటి లింఫ్ డ్రైనేజీ వల్ల క్యాన్సర్ వ్యాపిస్తుందనడానికి ఆధారం లేదు. కణితి ఇంకా ఉన్నచోట మాత్రం నేరుగా చేయరు.

అపోహ: ఇది బోదకాలే, ఆ మాత్రలు చాలు

బోదకాలులో దోమల ద్వారా వచ్చిన ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాలను పాడుచేస్తాయి. ఇక్కడ పురుగు లేదు, కాబట్టి పురుగుల మందుకు పని లేదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా.

అపోహ: లింఫ్ ఆపరేషన్ అంటే చంకలో తెగిన నాళాలను తిరిగి అతికించడం

వాస్తవం: ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయిన చంకలో అంతా మచ్చకణజాలమే. అక్కడ తెగినవాటిని వెతికి కలపడం కుదిరే పని కాదు. అందుకే సాధారణంగా చేతి కిందిభాగంలో కొత్త దారి వెతుకుతాం.

ముందు వేళ్ల సందుల్లో చర్మంలోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు కొద్దిగా ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న నాళాలు తెల్లటి గీతల్లా పైకి సాగుతాయి. జబ్బు ముదిరేకొద్దీ ద్రవం చర్మంలోకి వెనక్కి చిమ్మి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. చివరికి అంతా పరుచుకుపోయి గీతలు మాయమవుతాయి. ఇంకా పనిచేస్తున్న గీతలుంటే ఎల్‌వీఏ అనే ఆపరేషన్ ఆలోచిస్తాం. చర్మం మీద చిన్న గాట్లు పెట్టి, మైక్రోస్కోప్ కింద ఒక లింఫ్ నాళాన్ని పక్కనే ఉన్న చిన్న సిరకు కుట్టడం ఇందులో పని. నాళాలు తరచుగా 0.3 నుంచి 0.8 మిల్లీమీటర్లే ఉంటాయి. 11-0, 12-0 దారాలు వాడతాం, అవి తల వెంట్రుక కంటే చాలా సన్నం. ఈ స్థాయి కుట్టుపనిని ప్రపంచానికి నేర్పినవాళ్లలో జపాన్ సర్జన్ ఇసావో కోషిమా ముందుంటారు. కుట్టడం ఒక ఎత్తు, సిరను ఎంచుకోవడం ఇంకో ఎత్తు. ఆ సిరలో ఒత్తిడి ఎక్కువగా ఉంటే లింఫ్ అటు వెళ్లదు, రక్తమే ఇటు వస్తుంది. కుట్టు పూర్తయ్యాక లింఫ్ సిరలోకి వెళ్లి అందులోని రక్తాన్ని కడిగేస్తూ పారడం కనిపిస్తే అప్పుడు ఊపిరి పీల్చుకుంటాం.

కలపడానికి నాళాలే మిగలనివాళ్లకు వేరే దారి ఉంది. గజ్జల్లోంచో, మెడ నుంచో, పొట్టలోని ఒమెంటం అనే కొవ్వుపొర నుంచో కొన్ని లింఫ్ గ్రంథులను వాటి ధమని, సిరలతో సహా తీసి చంకలోనో మణికట్టు దగ్గరో అమరుస్తాం. ఫ్రాన్స్‌కు చెందిన కోరిన్ బెకర్ దీన్ని ముందుకు తీసుకెళ్లారు. కొత్తచోట ఆ గ్రంథుల చుట్టూ లింఫ్ నాళాలు మొలవాలి కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. గ్రంథులు తీసిన చోట కొత్తగా వాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది. కాలి నుంచి వచ్చే లింఫ్ ఏ గ్రంథులకు చేరుతుందో ముందే గుర్తించి, వాటిని ముట్టకుండా వదిలేయడం అందుకే. "ఈ ఆపరేషన్‌లో రిస్కే లేదు" అని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్ని కూడా అడగండి.

క్యాన్సర్ ఆపరేషన్ రోజే చంకలో అప్పుడే తెగిన చేతి లింఫ్ నాళాలను దగ్గరి సిరలోకి కలిపే పద్ధతీ ఉంది. ఇటలీలోని జెనోవాలో ఫ్రాన్సెస్కో బొకార్డో బృందం 2009లో దీన్ని ప్రచురించింది. అప్పటికింకా మచ్చ ఉండదు, నాళం తాజాగా కంటి ముందే ఉంటుంది. వాపు వచ్చే అవకాశం బాగా ఎక్కువగా ఉన్నవాళ్లను ఎంచి చేస్తే అర్థముంది, అందరికీ చేయాలంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఆపరేషన్ అయితే ఇక స్లీవ్ (వాపు పెరగకుండా చేతికి వేసుకునే బిగుతు తొడుగు) తీసి పారేయొచ్చు

కొందరికి కుదురుతుంది, అదీ తొందరగా వచ్చినవాళ్లలో, క్రమంగా. చాలామందికి స్లీవ్ వాడే గంటలు తగ్గుతాయి, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, చెయ్యి తేలికపడుతుంది. అది చిన్న లాభం కాదు. కానీ స్లీవ్, బ్యాండేజ్, వ్యాయామం, చర్మ సంరక్షణ కొన్ని నెలలు సరిగ్గా చేయనివాళ్లకు నేను ఆపరేషన్ తేదీ ఇవ్వను. చేసినా నిలవదు.

ఇంకో రెండు మాటలు. వాచిన చెయ్యి ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది సెల్యులైటిస్ కావచ్చు. ఆ రోజే డాక్టర్‌కు చూపించి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి, మర్నాటికి ఆగకూడదు. నిలకడగా ఉన్న వాపు హఠాత్తుగా పెరిగినా, కొత్తగా నొప్పి, చేతిలో బలహీనత, చర్మం మీద ఊదారంగు మచ్చలు వచ్చినా ముందు క్యాన్సర్ తిరగబెట్టిందా, సిరలో గడ్డ కట్టిందా అన్నది చూడాలి. అవి తేలేదాకా వాపు ఆపరేషన్ ఊసే ఎత్తకూడదు.

అపోహ: పదిహేనేళ్ల గట్టి వాపు, దీనికింక ఏమీ లేదు

వాస్తవం: ఉంది, అయితే అది ఎల్‌వీఏ కాదు. అంత పాత చేతిలో అదనంగా ఉన్నదంతా దాదాపు కొవ్వే, దాన్ని నాళాలు కలిపి దింపలేం. స్వీడన్‌లోని మాల్మోలో హోకాన్ బ్రోర్సన్ ఇలాంటి చేతులకు లైపోసక్షన్ చేసి, అంటే సన్నటి గొట్టంతో కొవ్వును పీల్చి తీసేసి, వాపు మొత్తం తగ్గించి, ఏళ్ల తరబడి తగ్గినట్టే ఉంచవచ్చని చూపించారు. ముందు బ్యాండేజీలతో నీరంతా దింపాలి, నొక్కినా గుంట పడని స్థితికి వచ్చాకే కొవ్వు తీయాలి. తర్వాత స్లీవ్ రాత్రీ పగలూ, జీవితాంతం. మానేస్తే వాపు తిరిగొస్తుంది. ఈ షరతు ఆపరేషన్‌కు ముందే చెబుతాను. ఒప్పుకుని వేసుకునేవాళ్లకు ఈ ఆపరేషన్ బాగా పనిచేస్తుంది, కుదరదనేవాళ్లకు చేయను.