కేన్స్‌లో ఆ అర్ధరాత్రి షో వెనక కథ

2002 మే నెలలో కేన్స్ చిత్రోత్సవంలో గస్పార్ నోయే తీసిన 'ఇర్రివర్సిబుల్' అర్ధరాత్రి ఆట పడింది. సినిమా నడుస్తుండగానే రెండు వందల మందికి పైగా లేచి వెళ్లిపోయారు. కొందరు సొమ్మసిల్లితే అగ్నిమాపక సిబ్బంది ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది. ముందు ప్రతీకారం, తర్వాత దాని కారణం. క్లబ్బులో మంటలార్పే సిలిండర్‌తో ఒకడి ముఖాన్ని చితగ్గొడతారు. ఆ తర్వాత పాదచారుల సొరంగంలో మోనికా బెలూచీ పాత్రపై అత్యాచారం, సుమారు తొమ్మిది నిమిషాలు. కెమెరా నేల మీద పెట్టినట్టు ఉండిపోతుంది. మొదటి అరగంటలో కడుపులో తిప్పేలా ఒక మంద్రధ్వనిని కావాలనే కలిపారు. ఆ కదలని కెమెరాను నేను సమర్థిస్తాను. హింసను చూసి ఆనందించే వీలే ఇవ్వదది. స్వలింగ సంపర్కుల క్లబ్బును నరకంలా చూపించడాన్ని మాత్రం సమర్థించలేను.

అయితే తెరపై హింస, శృంగారం ఎంతవరకు చూపొచ్చన్న గొడవ ఆ రాత్రి మొదలైంది కాదు. ఫ్రాన్స్ 1975 చివర్లో చేసిన చట్టం అశ్లీల, హింసాత్మక చిత్రాలకు 'ఎక్స్' ముద్ర వేసి, అదనపు పన్నులు మోపి, ప్రత్యేక థియేటర్లకు నెట్టేసింది. 1990లో వయసు పరిమితులను 12, 16గా మార్చడంతో 18 అన్న మెట్టే లేకుండా పోయింది. పదహారేళ్ల పరిమితి సరిపోదనిపించిన సినిమాకు ఇక ఎక్స్ ముద్రే.

2000లో వర్జినీ దెపాంత్, కొరలీ ట్రిన్ టీ తీసిన 'బేజ్ మ్వా' సరిగ్గా ఆ ఖాళీలోనే ఇరుక్కుంది. అత్యాచారం, హత్యలు, నటన కాని శృంగారం ఉన్న ఆ సినిమాకు 16 సర్టిఫికెట్ ఇచ్చారు. జూన్ 28న విడుదలైంది. 'ప్రోమువార్' అనే సంప్రదాయవాద సంఘం కోర్టుకెళితే రెండు రోజులకే అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేసింది. దర్శకులు సెన్సార్ తిరిగొచ్చిందని భగ్గుమన్నారు. నా దృష్టిలో ఆ కోపం న్యాయమైనదే: పెద్దలు చూడదగ్గ సినిమాకు చోటే లేకపోవడం చట్టంలోని లోపం, సినిమాది కాదు. 2001 జులైలో ప్రభుత్వం 18 పరిమితిని తిరిగి తెచ్చింది.

నోయే సినిమా వచ్చింది ఆ మరుసటి ఏడాదే. అయినా ఫ్రాన్స్‌లో దానికి 16 సర్టిఫికెటే దక్కింది. బ్రిటన్‌లో ఒక్క కట్ లేకుండా 18 ఇచ్చారు.

ప్రోమువార్ అక్కడితో ఆగలేదు. 2015లో నోయే తీసిన 'లవ్'ను కోర్టు ద్వారానే 16 నుంచి 18కి మార్పించింది. చివరికి 2017లో ప్రభుత్వం నిబంధన సడలించి, నటన కాని శృంగారం ఉన్నంత మాత్రాన 18 తప్పనిసరి కాదంది.